మన కాంచళి, మన కుట్టు, మన చరిత్ర



ఫిబ్రవరి 15 దగ్గర పడుతోందంటే మా గిరిజన బాలికల వసతి గృహంలో సందడి మొదలవుతుంది. సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతికి పిల్లలు డాన్స్ నేర్చుకుంటారు. ప్రతి ఏడాదీ పట్నం నుంచి డ్రెస్సులు కిరాయికి తెచ్చేవాళ్లం. మెరిసే పాలిస్టర్ ఫేటియాలు, గమ్‌తో అంటించిన ప్లాస్టిక్ అద్దాలు, మెషీన్ ఎంబ్రాయిడరీ పట్టీలు. కార్యక్రమం అయ్యేసరికి స్టేజీ మీద సగం అద్దాలు రాలిపోయి ఉండేవి. మర్నాడు పొద్దున్నే చీపురుతో ఊడ్చేసేవాళ్లం.

కిందటేడు అలా ఊడుస్తుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. "మేడం, మన ముత్తవ్వలు కట్టుకున్నది ఇదేనా?" కాదని చెప్పగలిగాం కానీ, మరి ఏది అంటే సరిగ్గా చెప్పలేకపోయాం. బీఈడీ చదివి, ఇన్నేళ్లుగా పిల్లలకు చరిత్ర చెబుతూ, మన ఒంటి మీది బట్ట గురించి నాలుగు మాటలు చెప్పలేకపోవడం సిగ్గనిపించింది. అందుకే ఈ ఏడాది కిరాయి డ్రెస్సులతో పాటు ఒక్క కాంచళి మాత్రం పాత పద్ధతిలో మా చేతులతో మేమే కుట్టి, దాని మీద పని కూడా చేత్తోనే చేయాలని అనుకున్నాం. ఎనిమిది మంది పిల్లలు, మేము, తండా నుంచి వచ్చిన ఒక పెద్ద యాడి కలిసి ఆరు నెలల ఆదివారాలు కూర్చున్నాం. ఆ పనిలో మాకు తెలిసిన సంగతులే ఈ వ్యాసం. యువతీ యువకులు ఓపికతో చదవాలని కోరుతున్నాం.

లదేణి కాలం నాటి బట్ట

మన కుట్టు అర్థం కావాలంటే మన నడక అర్థం కావాలి. మనవాళ్లు ఒకచోట నిలిచి సేద్యం చేసినవాళ్లు కాదు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు, పప్పులు వేసుకుని ఊరూరూ తిరిగిన వ్యాపారులు. ఆ ప్రయాణాన్నే మన గోర్ బోలిలో లదేణి అంటాం. తండా అనే మాటకు ఇప్పుడు ఊరు అనే అర్థం ఉంది గానీ, అప్పట్లో తండా అంటే నడిచే ఎద్దుల బిడారు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఉత్తర దేశంలో 14,000 ఎద్దుల తండాను చూసి రాసుకున్నాడు. అదే శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే పది, పన్నెండు వేల ఎద్దులు ఒకే బారుగా నడిచే బిడార్ల గురించి రాశాడు. దారి ఇరుకైతే అవన్నీ దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. మొగలుల సైన్యాలకు దక్కనులో గింజలు మోసింది మనవాళ్లే. 1791-92లో టిప్పు సుల్తాను మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ సైన్యానికి ధాన్యం అందించినవాళ్లలోనూ మనవాళ్లున్నారు.

ఇలా నడిచే ఇంట్లో పెట్టెలు, బీరువాలు ఉండవు. ఉన్న ఆస్తి ఒంటి మీదే ఉండాలి, ఎద్దు మీదే ఉండాలి. ఎండకూ ముళ్లకూ బట్ట తట్టుకోవాలి. మన ఆడవాళ్ల కుట్టు అక్కడే పుట్టింది. రెండు మూడు పొరల బట్టను దగ్గర దగ్గరగా టాకాలు వేసి కలిపితే అది చిరగదు. చిరిగినచోట అతుకు వేసి, ఆ అతుకు చుట్టూ మళ్లీ కుట్టితే అదే పువ్వవుతుంది. గింజల సంచుల మూలలకూ, ముందు నడిచే ఎద్దు మీద కప్పే గుడ్డకూ, నీళ్ల బిందె కింద పెట్టుకునే ఈండోణికీ ఇదే పని చేశారు. అందానికి ముందు గట్టిదనం వచ్చింది. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే మేము మొదటి నెల వృథా చేసుకునేవాళ్లం కాదు. ఆ కథ కాసేపట్లో చెబుతాం.

పెట్టె అడుగున దొరికిన కాంచళి

కొత్తది కుట్టాలంటే చూసి కుట్టడానికి పాతది ఒకటి కావాలి. పిల్లలందరినీ దసరా సెలవుల్లో ఇళ్లలో వెతకమన్నాం. చాలామంది ఉత్త చేతులతో వచ్చారు. "ఎప్పుడో బొంతల్లో కలిసిపోయింది" అన్నారు కొందరు. "సామాన్ల వాడికి ఇచ్చేశారు" అన్నారు ఇంకొందరు. కిందటేడు ప్రశ్న అడిగిన అమ్మాయే ఒక పాత చీర మూట తెచ్చింది. లోపల వాళ్ల ముత్తవ్వ కాంచళి ఉంది. ముందువైపు నిండా అద్దాలు, గవ్వలు. వీపు వైపు ఖాళీ, కట్టుకునే దారాలు మాత్రమే. ఎరుపు బట్ట వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. ఒక చేయి సగం చిరిగిపోయింది. దానితో పాటు ఉండాల్సిన ఫేటియా లేదు. నడుంపట్టీ పని బాగుందని దాన్ని కోసుకుని, ఎన్నో ఏళ్ల కింద తిరుగు వ్యాపారి ఒకడు రెండు స్టీలు గిన్నెలు ఇచ్చి పోయాడని ఆ ఇంటి పెద్దలు చెప్పారు. ఈ కాంచళికి కూడా ఒకాయన బేరం పెట్టి ఉన్నాడు. ఈసారి గిన్నెలు కాదు, నాలుగు వేలు. ఆ ఇంట్లో పెద్దమ్మాయి కాలేజీ ఫీజు బాకీ ఉంది. అమ్మొద్దని చెప్పే హక్కు మాకు లేదు. జయంతి దాకా మా దగ్గర ఉంచమని మాత్రం అడిగాం. సరేనన్నారు.

అప్పుడే మాలో ఒకరికి ఆలోచన వచ్చింది. చేయి ఎలాగూ చిరిగిపోయింది కదా, గుండె మీది పనంతా కత్తిరించి కొత్త బట్ట మీద అతికిస్తే పది రోజుల్లో పని అయిపోతుంది. చూడటానికి పాతదానిలాగే ఉంటుంది. బజారులో అమ్మే చాలా సంచులు, దిండు గలీబులు ఇలా తయారైనవే. కత్తెర కూడా చేతిలోకి వచ్చింది.

తండా నుంచి వచ్చిన యాడి అప్పటిదాకా మాట్లాడలేదు. కాంచళిని ఒళ్లో పెట్టుకుని వేలితో కుట్లు తడుముతూ కూర్చుంది. మన బోలిలో ఆమె అన్న మాట తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. "బేటీ, ఇది కోస్తే మీకు కాంచళి వస్తుంది. కుట్టు రాదు."

కత్తెర పక్కన పెట్టేశాం. పాతదాన్ని ముట్టకుండా, కొలతలు తీసి, దాన్ని చూస్తూ కొత్తది కుట్టాలని తీర్మానించుకున్నాం.

మా మొదటి తప్పు

కాంచళిని పాత పేపరు మీద పరిచి, టేపుతో ఒక్కో ముక్క కొలిచి గీసుకున్నాం. గుండె మీది ముక్కలు, పొట్ట మీద వేలాడే ముక్క, చేతులు, భుజం పట్టీలు, అన్నీ చదరాలు, త్రికోణాలే. గుండ్రంగా కోసిన ముక్క దాదాపు లేదు. బట్ట వృథా కాకుండా కోసే పద్ధతి అది.

ముతక చేనేత బట్ట తెచ్చాం. టైలరింగ్ నేర్చుకున్న పిల్లలు ఉత్సాహంగా ముక్కలన్నీ కోసి, కలిపి, నాలుగు రోజుల్లో కాంచళి సిద్ధం చేశారు. ఇక పని వేయడమే అనుకున్నాం. నెల రోజులు కుట్టాక చూస్తే గుండె భాగమంతా ముడతలు పడి దగ్గరకు లాక్కుపోయింది. కలిపిన కుట్ల దగ్గర నాలుగైదు పొరలై సూది దిగలేదు. రెండు సూదులు విరిగాయి. ఎరుపు బట్టను ముందుగా తడపలేదు కాబట్టి తెల్ల దారానికి గులాబీ మరక అంటింది.

యాడి నవ్వి మొత్తం విప్పించింది. పిల్లల్లో ఇద్దరు ఏడ్చారు. కానీ ఆ రోజు నేర్చుకున్నది మరచిపోరు. మీలో ఎవరైనా చేత్తో పాతకాలపు బట్ట కుట్టి దాని మీద పని వేయాలనుకుంటే ఈ వరస గుర్తుంచుకోండి.

ముందు బట్టను రెండుసార్లు నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. చేనేత నూలు ముడుచుకునేదంతా అప్పుడే ముడుచుకుంటుంది. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడాలి. దారాన్నీ అలాగే పరీక్షించాలి. తర్వాత ప్రతి ముక్కనూ కొలత కన్నా చుట్టూ అంగుళం ఎక్కువగా కోసుకోవాలి, ఎందుకంటే కుట్టు నిండేకొద్దీ బట్ట లోపలికి లాక్కుంటుంది. ముక్క కింద పాత మెత్తటి నూలు బట్ట ఒక పొర పెట్టి టాకాలు వేయాలి. పని మొత్తం ముక్క విడిగా ఉన్నప్పుడే చేయాలి. పని అయ్యాక కొలతకు కత్తిరించి, అప్పుడు ముక్కలు కలపాలి. చివరగా కలిపిన గీత మీద ఒక వరస కుట్టు నడిపించాలి. గవ్వలు, పూసలు, ఊలు కుచ్చులు అన్నిటికన్నా ఆఖరున.

అంటే మన బట్ట ముందు తయారై తర్వాత దానికి పని "చేర్చలేదు". పనే ముందు, బట్ట తర్వాత. ముత్తవ్వ కాంచళిని తిరగేసి చూస్తే ఇది స్పష్టంగా కనిపించింది. ముక్కల అంచు కింద కూడా కుట్టు ఉంది. మేము పైవైపే చూశాం కాబట్టి ముందే గమనించలేదు. చరిత్ర చదివేటప్పుడు కూడా ఇదే తప్పు చేస్తుంటామని పిల్లలకు చెప్పాం.

కుట్టు, అద్దం, గవ్వ

మన కుట్లకు పేర్లున్నాయి. కీలన్, వేలే, మాకి, కాన్స్, రేలో, పోటె, నాక్రా, ఇలా పద్నాలుగు రకాలు ఉన్నాయని కర్ణాటకలోని సండూరు లంబాణీ కళాకారిణులు లెక్క చెబుతారు. తండా తండాకూ పేర్లు, పలుకుబడి కొంత మారతాయి. మా యాడికి కొన్నిటి పేరు తెలియదు, చేయి మాత్రం తెలుసు. బడిలో క్రాఫ్టు పీరియడులో నేర్చుకునే సాదా టాకా, గొలుసు కుట్టు, కాజా కుట్టు, అడ్డంగా నిలువుగా అల్లే కుట్టు, వీటితోనే మన పనిలో చాలా భాగం నడుస్తుంది. తేడా ఏమిటంటే మనవాళ్లు బట్ట మీద పెన్సిలుతో గీయరు, ఫ్రేము బిగించరు. ముతక బట్టలో నిలువు పోగులు, అడ్డ పోగులు లెక్కపెట్టుకుంటూ పోతారు. అందుకే మన నమూనాలన్నీ చదరాలు, వజ్రాలు, మెట్లు. మా పిల్లలకు నాలుగో తరగతి గళ్ల నోటుబుక్కు గుర్తొచ్చింది. లెక్కల్లో వెనకబడిన ఒక అమ్మాయి పోగులు లెక్కపెట్టడంలో అందరికన్నా ముందుంది.

దారం మూరకు మించి తీసుకోకూడదు. పొడుగు దారం బట్టలోంచి లాగీ లాగీ పీచు లేస్తుంది. కొంచెం తేనెమైనం మీద లాగితే చిక్కు పడదు. దుకాణంలో దొరికే ఎంబ్రాయిడరీ దారం చుట్టలో ఆరు పోగులుంటాయి. మూడు విడదీసి వాడాం.

అద్దం కుట్టడం అందరికన్నా కష్టం. మన అద్దానికి రంధ్రం ఉండదు, గమ్ ఉండదు. ఎడమ బొటనవేలితో అద్దాన్ని అదిమిపట్టి, అంచు పక్క నుంచి సూది పైకి తీసి, అద్దం మీదుగా నిలువుగా రెండు దారాలు, అడ్డంగా రెండు దారాలు బిగువుగా లాగాలి. అడ్డ దారం నిలువు దారాన్ని ఒకసారి చుట్టుకుని వెళ్లాలి. అద్దం మీద ఒక చిన్న కిటికీ ఏర్పడుతుంది. ఇప్పుడు సూదిని ఆ కిటికీ దారం కింద దూర్చి ఒక ముడి, బట్టలో ఒక కుట్టు, మళ్లీ దారం కింద ఒక ముడి, బట్టలో ఒక కుట్టు, ఇలా చుట్టూ తిరగాలి. దారాలు వెనక్కి జరిగి అద్దం చుట్టూ గట్టి గట్టులా నిలుస్తాయి. మొదటి దారాలు వదులైతే అద్దం జారిపోతుంది. మాకు మొదటి అద్దానికి గంటన్నర పట్టింది. యాభయ్యో అద్దానికి పావుగంట.

ముత్తవ్వ కాంచళిలో అద్దాలు కొంచెం వంకరగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి. దానికీ కారణం ఉంది. గుజరాత్‌లోని కపడ్‌వంజ్ వంటి చోట్ల గాజును పెద్ద బుడగలా ఊది, లోపల వెండి రంగు పూత పోసి, పగలగొట్టి ముక్కలు చేసేవాళ్లు. బుడగ ముక్క కాబట్టి వంపు ఉంటుంది. ఇప్పటి మెషీన్ అద్దం చదునుగా ఉంటుంది. పాతదీ కొత్తదీ గుర్తుపట్టడానికి ఇదొక గుర్తు.

గవ్వల సంగతి ఇంకా దూరం పోతుంది. ఆ చిన్న తెల్ల గవ్వలు ఎక్కువగా మాల్దీవుల సముద్రం నుంచి ఓడల్లో వచ్చేవి. బెంగాలు, ఒడిశా ప్రాంతాల్లో పంతొమ్మిదో శతాబ్దం దాకా అవే చిల్లర డబ్బులు. కంపెనీ పాలనలో గవ్వల చెలామణి పోవడం 1817 నాటి ఒడిశా పైకా తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఒకటని చరిత్రలో చదువుతాం. తెలుగులో "చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటారు కదా. చిల్లి పడిన గవ్వ బజారులో చెల్లదు. మన ఆడవాళ్లు గవ్వ వీపును అరగదీసి, చిల్లి చేసి, బట్టకు కుట్టారు. చెల్లని గవ్వ మన దగ్గర నగ అయింది.

రంగుల్లోనూ కాలం తెలుస్తుంది. పాత ఎరుపు మొక్కల వేళ్ల నుంచి, పాత నీలం నీలిమందు మొక్క నుంచి వచ్చేవి. 1869లో జర్మనీ, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు ఎరుపు రంగును ప్రయోగశాలలో తయారుచేసే మార్గం కనుక్కున్నారు. 1897 నుంచి కృత్రిమ నీలం బజారులోకి వచ్చింది. ఆ తర్వాత మన బట్టల్లో గులాబీ, పచ్చ, నారింజ రంగులు విరివిగా చేరాయి.

ఇప్పుడు ఒక్క మాట ఆలోచించండి. మనవాళ్లు బట్ట నేయలేదు, నేతగాళ్ల దగ్గర కొన్నారు. అద్దం గుజరాతుది. గవ్వ మాల్దీవులది. రంగు రంగరేజులది. నాణేలు నిజాంవి, కంపెనీవి. కాంచళిలో మనదంటూ ఉన్నది ఏమిటి? కుట్టు ఒక్కటే. పది దేశాల వస్తువులను ఒకచోట నిలబెట్టిన ఆ దారపు పని ఒక్కటే మనది. కిరాయి డ్రెస్సులో ఆ వస్తువుల పోలికలన్నీ ఉంటాయి, కుట్టు ఉండదు. యాడి అన్న మాటకు అర్థం మాకు ఇక్కడ తెలిసింది.

ఎందుకు పోయింది

1853లో బొంబాయి నుంచి ఠాణేకు మొదటి రైలు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. వెయ్యి ఎద్దులు మోసే ఉప్పును ఒక గూడ్సు బండి మోసుకుపోయింది. లదేణి ఆగిపోయింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తిరిగే జాతులన్నిటి మీదా అనుమానం పడింది. మనవాళ్లను కూడా కొన్ని ప్రాంతాల్లో ఆ జాబితాలో చేర్చారు. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. వేషం చూసి గుర్తుపట్టి ఆపే కాలంలో వేషం బరువవుతుంది. తర్వాత కూలి పనులకూ, వలసలకూ వెళ్లిన చోట ఫేటియాతో నాటు వేయడం కష్టమని చీరలోకి మారినవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లు సుఖం చూసుకుని మారితే తప్పు పట్టే పని లేదు. పది కిలోల బట్ట, లోహం మోయమని ఇంకొకరికి చెప్పడం సులువే.

కానీ ఇంకో కారణం ఉంది. దాన్ని దాచకూడదు. మా తరం ఆడపిల్లలం ముప్పై, ముప్పై అయిదేళ్ల కింద హాస్టళ్లలో చదువుకున్నాం. నెలకోసారి మా యాడిలు చూడటానికి వచ్చేవాళ్లు. ఫేటియా, కాంచళి, చేతుల నిండా బలియాలు, చెవుల పక్కన ఘుగ్రీలు. దూరం నుంచే చప్పుడు వినిపించేది. మిగతా పిల్లలు కిటికీల దగ్గరికి వచ్చి చూసి నవ్వేవాళ్లు. "మీ అమ్మను చీర కట్టుకుని రమ్మనవే" అని పెద్దవాళ్లు కూడా చెప్పేవాళ్లు. మేము గేటు దగ్గరే మాట్లాడి పంపించేవాళ్లం. కొందరం ఆ మాట ఇంటికి మోసుకుపోయి చెప్పాం కూడా. మరుసటి నెల యాడి చీరలో వచ్చింది. మేము సంతోషపడ్డాం. ఆమె కాంచళి ఎక్కడికి పోయిందని మాలో ఎవరమూ అడగలేదు.

చదువు మాకు ఉద్యోగాలిచ్చింది. దానికి రుణపడి ఉన్నాం. కానీ మా చదువుకు కట్టిన ఫీజుల్లో అదీ ఒకటి. ఇప్పుడు ఆ గేటు తాళాలు మా చేతుల్లోనే ఉన్నాయి. అందుకే ఈ పని హాస్టల్లోనే మొదలుపెట్టాలని పట్టుబట్టాం. ఇప్పుడు ఆదివారం వచ్చే యాడిలను గేటు దగ్గర నిలబెట్టడం లేదు. కుట్టు దగ్గరికి పిలిచి కూర్చోబెడుతున్నాం.

ఇతర చోట్ల మనవాళ్లు

పోయినది మళ్లీ రాదని అనుకోకండి. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరులో 1984లో మొదలైన సండూరు కుశల కళా కేంద్రంలో మన అక్కచెల్లెళ్లు ఈ కుట్టుతోనే బతుకుతున్నారు. సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2023 జులైలో హంపిలో జీ-20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1,755 వస్తువులను ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు దక్కింది. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిట్లింగి లోయలోని లంబాడీ తండాల్లో కుట్టు తెలిసిన పెద్దవాళ్లు చాలా కొద్దిమందే మిగిలిన సమయంలో, వాళ్ల దగ్గర పడుచు పిల్లలు నేర్చుకుని మళ్లీ నిలబెట్టారు. వాళ్ల సంఘానికి పెట్టుకున్న పేరు "పోర్గై". మన మాటలో గర్వం అని అర్థం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని వేల తండాలున్నాయి. మనం చేయలేమా?

యువతకు మా విన్నపం

మీ ఇంట్లో పాత ఫేటియా, కాంచళి, ఈండోణి, సంచి, ఏదున్నా ముందు దాన్ని కోయకండి. ఉతకకండి. పాత రంగు నీళ్లకు దిగిపోతుంది, పాత దారం తెగిపోతుంది. ప్లాస్టిక్ కవరులో పెట్టకండి, చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఉతికిన పాత నూలు చీరలో చుట్టి, మడత పెట్టకుండా గుండ్రంగా చుట్టి పెట్టండి. ఎండిన వేపాకు వేరే గుడ్డలో మూట కట్టి పక్కన ఉంచండి, బట్టకు తగలనీయకండి.

ఫోన్ అందరి చేతిలో ఉంది. ముందువైపు, వెనుకవైపు రెండూ ఫొటో తీయండి. వెనుకవైపే కుట్టు ఎలా నడిచిందో తెలుస్తుంది. అది ఎవరిది, ఏ తండా, ఎవరి పెళ్లికి కుట్టారు, ఎవరు కుట్టారు, అవ్వను అడిగి రాసి పెట్టండి. గోర్ బోలికి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు లిపిలోనే రాయండి. అవ్వ చెప్పిన మాటను చెప్పినట్టు రాయండి.

కొత్తది కుట్టేటప్పుడు పాతదని నమ్మించడానికి కుట్టవద్దు. పాత ముక్క కోసి అతికించవద్దు. చూసి నేర్చుకుని, మీ చేత్తో కుట్టి, లోపలివైపు మీ పేరు, మీ తండా, ఆ సంవత్సరం దారంతోనే రాయండి. నూరేళ్ల తర్వాత ఎవరైనా తిరగేసి చూస్తే ఇది ఎవరు, ఎప్పుడు కుట్టారో తెలియాలి. మన ముత్తవ్వలు పేర్లు రాయలేదు. వాళ్లకు రాయడం రాదు. మనకు వచ్చు. ఇది ఆడపిల్లల పని మాత్రమే అనుకోవద్దు. మా దగ్గర ఫొటోలు తీసి, కొలతలు గీసి, యాడి మాటలు రికార్డు చేసింది పక్క బాలుర హాస్టల్ పిల్లలే.

చివరగా

మా కాంచళి జయంతికి పూర్తయింది. పూర్తిగా కాదు. ఎడమ చేయి మీద పని సగమే అయింది. రాత్రంతా కూర్చుని ఏదో ఒకటి అతికించేద్దామన్నారు పిల్లలు. వద్దన్నాం. సగం పని ఉన్న చేయితోనే ఒక అమ్మాయి వేసుకుని స్టేజీ ఎక్కింది. డాన్స్ అయ్యాక చూస్తే ఒక్క అద్దం కూడా రాలలేదు. మర్నాడు ఊడ్చే పని లేకపోయింది.

ముత్తవ్వ కాంచళిని ఆ ఇంటికి తిరిగి ఇచ్చేశాం. అమ్మారా, ఉంచుకున్నారా అని అడగడానికి వెనకాడాం. ఉగాది సెలవుల నుంచి వచ్చాక ఆ అమ్మాయే చెప్పింది. ఫీజుకు మేకను అమ్మారట. కాంచళి అవ్వ పెట్టెలోనే ఉంది. ప్లాస్టిక్ కవరు తీసేసి పాత చీరలో చుట్టానని గొప్పగా చెప్పింది. ఇప్పుడు ఆదివారాల్లో ఆమె దగ్గర ఆరో తరగతి పిల్లలు నలుగురు అద్దం కుట్టడం నేర్చుకుంటున్నారు. వాళ్లకు మొదటి అద్దానికి గంటన్నర పడుతోంది.

ఎడమ చేయి ఇంకా వాళ్ల కోసం ఖాళీగానే ఉంచాం.

జై సేవాలాల్. జై గోర్.